పైన ఒకరు, కింద ఒకరు

చేపకి బల్లెం దిగాకే అసలు పని మొదలవుతుంది. ఎడమచేతి వేళ్ళు మొప్పల్లోకి దూర్చి, తల కదలకుండా మోకాళ్ళ మధ్య ఇరికించి, కళ్ళకి కాస్త పైన కత్తి మొన గుచ్చి ఒక్క మెలి తిప్పాలి. తోక ఓసారి విదిలించి ఊరుకుంటుంది. అన్న ఆ పని మూడు సెకన్లలో ముగించేవాడు. చెల్లెలికి ఐదారు పట్టేవి. దాన్ని బుజ్జగిస్తున్నావా చంపుతున్నావా అని అన్న ఎప్పుడూ వెక్కిరించేవాడు.

వారానికి నాలుగు రోజులు, పొద్దున ఆరింటికి, ఇద్దరూ ఐసు ఫ్యాక్టరీ వెనకనుంచి రాళ్ళమీదుగా సముద్రంలోకి దిగేవాళ్ళు. పడవ లేదు, ఇంజను లేదు. ఒడ్డునుంచి ఈదుకుంటూ వెళ్ళి, ఊపిరి బిగపట్టి మునిగి, బండల కింద దాక్కున్న చేపల్ని, బల్లెం వదిలే రబ్బరు గన్నుతో కొట్టి తెచ్చే పని. దానికి ఉన్న చట్టం ఒక్కటే: పైన ఒకరు, కింద ఒకరు. ఒకళ్ళు మునిగితే రెండోవాళ్ళు నీళ్ళమీదే ఉండి, ముఖం నీళ్ళలో పెట్టి కిందికి చూస్తుండాలి. పది లెక్కపెట్టినప్పుడల్లా పక్కన తేలుతున్న ప్లాస్టిక్ డ్రమ్ము మీద కత్తి పిడితో ఒకసారి తట్టాలి. నీళ్ళలో చప్పుడు చాలా దూరం పోతుంది. ఆ టక్కు వినిపిస్తోందంటే పైన మనిషి ఉన్నట్టు. ఆరో టక్కుకి పైకి బయల్దేరాలి. ఏడు దాటినా రాకపోతే పైనున్నవాళ్ళు మునగాలి. ఇందులో కోపతాపాలకి చోటు లేదు. ముందురోజు తిట్టుకున్నవాళ్ళయినా సరే, పొద్దున రాళ్ళు దిగాక టక్కు మాత్రం తట్టాల్సిందే.

అన్న ఒకప్పుడు రేవులో ఓడల అడుగు గీకే డైవరు. ఒకరోజు చెవిలో కర్ణభేరి పగిలింది. చెవితోపాటు ఉద్యోగం పోయింది, ఉద్యోగంతోపాటు పెళ్ళాం పోయింది, పోకుండా నిలబడింది కోపం ఒక్కటే. చెల్లెలు మధ్యాహ్నాలు పడవలకి ఫైబరు పూసే షెడ్డులో పనిచేసేది. అమ్మ ఇంట్లో కూర్చుని ఊళ్ళో వేటగాళ్ళందరి గన్నులకీ తాళ్ళు ముడేసి ఇచ్చేది. అమ్మ ముడి ఊడిందని చెప్పినవాడు ఇంతవరకూ లేడు.

ఇక ఆ ఇంటి తలుపు సంగతి. నీలంరంగు పాత టేకు తలుపు, ఇనప గొళ్ళెం. కోపంతో వచ్చినవాళ్ళకి అది తెరుచుకోదు. కొన్ని ఇళ్ళలో కుళాయి కారుతుంది, కొన్ని ఇళ్ళలో గచ్చు చెమరుస్తుంది, వాళ్ళింట్లో తలుపు అలా. తాళం తీసే ఉంటుంది, గొళ్ళెం వేసి ఉండదు, అయినా భుజం పెట్టి తోసినా కదలదు. బయట సిమెంటు అరుగుంది. దానిమీద కూర్చుని కోపం దిగేదాకా ఆగితే దానంతటదే తెరుచుకుంటుంది. తాత పేకాటలో ఓడొచ్చి రెండు పగళ్ళు ఆ అరుగు మీదే ఉన్నాడట. గ్యాసు సిలిండరు తెచ్చేవాడు మెట్లెక్కుతూ విసుక్కున్నాడంటే సిలిండరుతోపాటు అరుగెక్కాల్సిందే. బయట ఎవరైనా కూర్చుంటే అమ్మ కిటికీ చువ్వల్లోంచి గ్లాసుతో నీళ్ళందించి, "కూర్చో, తొందరేం లేదు" అనేది. ఎదురింటి టైలరు మిషను ఆపి, "ఏంటి, ఇంకా తియ్యలేదా?" అని అడిగేవాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

చెల్లెలు మాత్రం ఆ అరుగు మీద ఎప్పుడూ కూర్చోలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె వస్తోందంటే తలుపు బార్లా తెరిచే ఉండేది. ఆ మాట ఆమె కాస్త గొప్పగానే చెప్పుకునేది.

ఒకరోజు చేపల మార్కెట్టులో గొడవైంది. అన్న అమ్మిన చేప నిన్నటిదని ఎవడో నోరు జారాడు. అన్న ఆ చేపనే తోక పట్టుకుని ఎత్తి వాడి ముఖం మీద కొట్టాడు. ఎనిమిది కిలోల చేప. వాడి దవడ రెండుచోట్ల విరిగింది. పళ్ళు ఐసులో పడితే చేపల పొలుసులకీ వాటికీ తేడా తెలియక మార్కెట్టువాళ్ళు చాలాసేపు ఏరారు. చేతులకి రెండు రకాల నెత్తురుతో అన్న ఇంటికొచ్చాడు. తలుపు తియ్యలేదు.

గంట కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. అమ్మ మూడుసార్లు నీళ్ళిచ్చింది. మూడోసారి గ్లాసు గోడకేసి కొట్టి, లేచి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, ఐసు దిమ్మలు పగలగొట్టే గునపం తెచ్చాడు. ఏం చెయ్యబోతున్నాడో చూసి టైలరు షాపు షట్టరు దించేసుకున్నాడు. బయట జరిగిందంతా వాడు షట్టరు సందులోంచి చూసిందే.

అన్న గునపం రెండుచేతులా ఎత్తి తలుపు మధ్యలో పొడిచాడు. లోపల అమ్మ తలుపుకి అరచెయ్యి ఆనించి, "తెరుచుకోవే, నా మాట విను, వాడు నా కొడుకు" అని దాన్ని బతిమాలుతోంది. మూడో పోటుకి గునపం చెక్కలోంచి దూరి అమ్మ కుడి అరచేతిలోంచి అవతలికి వచ్చింది. అమ్మ అరవలేదు. ఆమె అరిస్తే వాడు ఆగేవాడేమో, ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ తెలియదు. గునపం వెనక్కి లాగి తలుపు కీళ్ళమీద కొట్టాడు. తలుపు ఊడి అమ్మ మీద పడింది. అన్న దానిమీదుగానే నడుచుకుంటూ లోపలికెళ్ళాడు. కింద నుంచి అమ్మ గొంతు వినిపించింది: "చూసి అడుగెయ్ నాన్నా, మేకులున్నాయి."

అమ్మ చేతికి కుట్లు పడ్డాయి. బొటనవేలూ, దాని పక్కవేలూ మళ్ళీ వంగలేదు. ముడులు ఇక చెల్లెలు వెయ్యాల్సి వచ్చింది. గుమ్మానికి పాత దుప్పటి కట్టారు. దుప్పటికి ఎవరి కోపంతోనూ పని లేదు. ఆ ఇంట్లోకి మొదటిసారి కోపం కాళ్ళు కూడా కడుక్కోకుండా నడిచొచ్చింది. కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె ఎగిరేది. చెవిలో హోరు ఎక్కువైన రోజు అద్దం పగిలేది. ఒక సాయంత్రం, గన్నుకి కొత్త రబ్బరు వెయ్యలేదని చెల్లెల్ని గన్ను పిడితో ముఖం మీద కొట్టాడు. ఆమె సింకు మీదకి వంగి నెత్తురుతోపాటు పన్ను ఉమ్మి, కుళాయి విప్పి, పన్ను గొట్టంలోకి పోకుండా వేలు అడ్డం పెట్టింది. ఎందుకు అడ్డం పెట్టిందో ఆమెకే తెలియదు. ఆ మర్నాడు అమ్మ తన చాప, దిండు స్నానాలగదిలోకి మార్చుకుంది. ఇంట్లో మిగిలిన తలుపు అదొక్కటే. పెందలాడే లోపలికెళ్ళి, ఎడమచేత్తో గడియ వేసుకుని, తడి గచ్చు మీద పడుకునేది.

గడియ పడిన ఆ చప్పుడు విన్నప్పుడే చెల్లెలు నిర్ణయించుకుంది, అన్న బతకకూడదని.

డ్రమ్ము అప్పటికే రాళ్ళకి తగిలి పగిలిపోయింది. కొత్తగా ఏదో ఒకటి తేలేది కావాలి. గోడకి ఆనించి ఉన్న తలుపుని అన్న పొయ్యిలో పెట్టమన్నాడు. చెల్లెలు దాన్ని తోపుడుబండి మీద షెడ్డుకి తీసుకెళ్ళింది. డ్రమ్ముకి బదులు తేలే బల్ల చేస్తానంది.

పొడవు సగానికి కోసింది, వెడల్పు ముట్టుకోలేదు. పైన తలుపు చెక్క, అడుగున పాత ఐసు పెట్టెల్లోంచి తీసిన థర్మోకోలు. మామూలు రెసిన్ పూస్తే థర్మోకోలు కరిగిపోతుంది గనక దాన్ని కరిగించని ఎపాక్సీ జిగురు తెచ్చింది. రెండిటికీ కలిపి ఫైబరు గుడ్డ చుట్టింది. గన్నులు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి బిగించింది. కత్తీ నీళ్ళ సీసా కట్టుకోవడానికి రబ్బరు తాడు వేసింది. పడవలవాళ్ళకి కనిపించేలా జెండా కావాలి కదా, గునపం దిగిన కన్నంలోనే జెండా కర్ర నిలబెట్టింది. ఇనప గొళ్ళెం పీకి అడుగున బిగించింది, గన్నుకి కట్టే పొడుగుతాడు దానికి తగిలించడానికి.

అంతా బాగానే కుదిరింది గానీ ఎపాక్సీ ఆరలేదు. పూసి ఒకరోజైంది, రెండురోజులైంది, వేలు పెడితే ఇంకా జిగటే. పాళ్ళు తప్పానేమోనని గీకి మళ్ళీ కలిపి పూసింది. మళ్ళీ అంతే. షెడ్డు ఓనరు, తెల్ల మీసాల పెద్దాయన, చూసి చూసి ఆమె చేతిలోంచి బ్రష్షు లాక్కుని తనే పూశాడు. నాలుగు గంటల్లో రాయిలా గట్టిపడింది.

"తలుపు కదమ్మా," అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. "మీ ఇంట్లోవాళ్ళెవరో ఇంకా బయటే ఉన్నట్టున్నారు."

అన్న గురించే అంటున్నాడనుకుంది ఆమె. తనకి కోపం ఉందని ఆమెకి తోచనే లేదు. అన్నకి ఉన్నది కోపం, తనకి ఉన్నది న్యాయం. పుట్టిన దగ్గర్నుంచీ తలుపు తెరిచే చూసిన మనిషికి అది మూసుకోవడం ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది?

బల్ల తేలింది. మొదటిరోజు అన్న ఏదో తిడుతూనే ఈదుకొచ్చి దానిమీద చెయ్యి వెయ్యబోయాడు. సబ్బు జారినట్టు జారి మూరెడు అవతలికి పోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. మూడోసారి దానిమీద ఉమ్మి, గన్ను తీసుకుని మునిగాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాని జోలికి పోలేదు. పోనీ వేరేవాళ్ళతో దిగుదామన్నా, దవడ గొడవ తర్వాత ఊళ్ళో వేటగాడెవడూ వాడి పక్కన నీళ్ళలోకి రావడం లేదు. చెల్లెలు లోలోపల నవ్వుకుంది. ఆమె చూడదల్చుకున్నది బల్ల అలా జారడమే. అన్న మునిగేముందు గబగబా ఇరవై ముప్ఫైసార్లు ఊపిరి పీలుస్తాడు. అలా చేస్తే కింద ఊపిరాడనట్టే ఉండదు, పైకొచ్చేముందు దీపం ఆరినట్టు స్పృహ పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఒకరోజు అలా జరుగుతుంది. ఆమె చెయ్యెత్తక్కర్లేదు, కత్తి పట్టక్కర్లేదు. కిందికి చూడకపోతే చాలు. ఒకవేళ ఎలాగో పైకొచ్చినా, పట్టుకోవడానికి బల్ల ఒప్పుకోదు. మిగతాది సముద్రం చూసుకుంటుంది.

బల్ల తన చేతికింద కూడా జారుతోందని ఆమె గమనించకపోలేదు. నునుపు ఎక్కువైందనుకుని మైనం రుద్దింది. అయినా జారుతుంటే తాడు ఉచ్చు పట్టుకుని ఈదడం అలవాటు చేసుకుంది. బల్ల ఎప్పుడూ ఆమెకి చెయ్యి చాపినంత దూరంలో ముందు పోతుండేది. చెయ్యి చాపి తట్టడానికి మాత్రం అందేది.

నెల తిరిగింది. ఆరోజు పొద్దున అలలు పెద్దగా ఉన్నాయి. ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి, ఇవాళ చేపలకి సెలవివ్వండి బాబూ అన్నాడు. అన్న వినలేదు. ముందువారం చివరి బండ కింద ఒక పెద్ద చేపని చూశాడు. మనిషంత చేప, నోరు బకెట్టంత. అది బల్లెం వంచేసి తప్పించుకుంది. అప్పట్నుంచి అన్నకి నిద్ర లేదు.

అల వెనక్కి తగ్గినప్పుడు దూకి, ఇద్దరూ నురగలోంచి బయటపడి చివరి బండకి చేరారు. అన్న గబగబా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు. చెల్లెలు లెక్కపెట్టింది, ముప్ఫైనాలుగు. మునిగాడు. కాళ్ళకున్న రబ్బరు ఫిన్లు రెండు విసుర్లు విసిరి నీలంలోకి, తర్వాత నలుపులోకి వెళ్ళాడు.

పది. టక్కు. ఇరవై. టక్కు. ముప్ఫై. టక్కు.

నలభై అయ్యేసరికి ఆమె చెయ్యి గాల్లో ఆగింది. తల నీళ్ళలోంచి ఎత్తి ఒడ్డువైపు చూసింది. ఫ్యాక్టరీ గొట్టం, దానిమీద రెండు కాకులు. కత్తిని నెమ్మదిగా రబ్బరు తాడు కింద దోపింది. యాభై. అరవై. లెక్క మాత్రం ఆగలేదు, అలవాటు. డెబ్భై అయ్యేసరికి పొడుగుతాడు ఒక్కసారిగా బిగిసి బల్ల ముక్కు నీళ్ళలో మునిగింది. చేపకి బల్లెం దిగింది. ఎనభై. తాడు అటూ ఇటూ కోస్తోంది. చేప బండ చుట్టూ పరిగెడుతోందని ఆమెకి తెలుసు, మధ్యలో అన్న ఉన్నాడని తెలుసు. తొంభై. వంద. ఆమె కాకుల్నే చూస్తోంది.

అన్న పైకొచ్చాడు. ఎలా వచ్చాడో సముద్రానికే తెలియాలి. మాస్కు లేదు. ముక్కులోంచి, మంచి చెవిలోంచి నెత్తురు. తాడు కాలికి చుట్టుకుని పిక్క ఎముకదాకా తెగింది. నోరు తెరిచి ఒక్క ఊపిరి తీసుకునేలోపే అల ఎత్తి బండకేసి కొట్టింది. ఎడమచెయ్యి విరిగిన చప్పుడు, ఎండుకట్టె విరిచినట్టు, ఆమెకి నీళ్ళ హోరులోనూ వినిపించింది. అల వదిలేశాక బల్లవైపు కొట్టుకొచ్చాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. ఇప్పుడు జారుతుంది. ఇప్పుడు.

అన్న కుడిచెయ్యి బల్ల మీద పడింది. బల్ల కదల్లేదు. గుమ్మంలో ఉన్నప్పుడు ఎంత నిబ్బరంగా ఉండేదో అంత నిబ్బరంగా ఉంది. వాడు దానిమీద గడ్డం ఆనించి, నెత్తురు కక్కుతూ, "అమ్మా" అన్నాడు. ముప్ఫైనాలుగేళ్ళవాడు నాలుగేళ్ళవాడిలా అన్నాడు.

అది వినగానే చెల్లెలికి ఒళ్ళు మండింది. ఆ మాట అనడానికి వీడికేం హక్కుంది? అరవబోయింది. రెండో అల వచ్చింది. ఆమెని ఎత్తి రాళ్ళ మీదుగా ఈడ్చింది. రాళ్ళకి అంటుకున్న గుల్లలు బ్లేళ్ళలా ఉంటాయి, తొడ పైనుంచి మోకాలుదాకా తెరుచుకుంది. ఒక ఫిన్ను ఊడిపోయింది. చేతిలో ఉచ్చు తెగింది. మునగడానికి నడుముకి కట్టుకున్న సీసం బెల్టు విప్పి వదిలేసి పైకి తేలి, రెండు చేతులా బల్ల మీద పడింది. బల్ల జారి మూరెడు దూరం పోయింది. మళ్ళీ పడింది. మళ్ళీ పోయింది. వేళ్ళు మైనాన్ని గీరాయి, గోరు లేచిపోయింది. చుట్టూ నీళ్ళు ఎర్రబడుతున్నాయి. మునిగి, నీళ్ళు మింగి, తేలింది.

"పట్టుకోవే," అన్నాడు అన్న.

"పట్టనివ్వట్లేదు."

అన్న బల్ల వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళు అరుగు మీద కూర్చున్నవాడికి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"తొయ్యకు," అన్నాడు. "తోసేకొద్దీ బిగుసుకుంటుంది. నాకు తెలుసు."

"నేను తట్టడం మానేశాను. కావాలనే."

"నాలుగోది వినిపించలేదు."

"మరి పైకెందుకు రాలేదు?"

అన్న నోట్లోంచి నెత్తురు ఉమ్మాడు. "నాకు పోయింది ఒక చెవేనే. అమ్మ స్నానాలగది గడియ వేసుకోవడం రోజూ వినిపిస్తుంది. వచ్చి ఏం చెయ్యను?" కాసేపు దగ్గాడు. "చేప దానంతటదే ఎదురొచ్చింది. చెయ్యి ఊరుకోలేదు, కొట్టాను. తాడు నన్ను పైకి లాక్కొచ్చింది."

మూడో అల దూరాన లేస్తోంది. ఇద్దరూ చూశారు. ముందు రెండిటికంటే అది ఎత్తు. చెల్లెలు మళ్ళీ బల్ల మీదకి చెయ్యి విసిరింది. అందలేదు. ఒక కాలు పనిచెయ్యడం లేదు, ఒక చేతికి పట్టు లేదు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఆమెకి తలుపు బయట ఉండటం అంటే ఏమిటో తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా వాణ్ణి తిట్టింది.

"నా మీద కోపమేగా," అన్నాడు అన్న. "నేను లేకపోతే నీకు తీస్తుందిలే."

వేళ్ళు తెరిచాడు. విసురేం లేదు, మాట్లాడటం అయిపోయాక చెయ్యి దించుకున్నట్టు దించుకున్నాడు. తల నీళ్ళలోకి వెళ్ళింది. కాసేపు జుట్టు పైన కనిపించింది, తర్వాత అదీ లేదు.

వాడు చావాలని కోరుకుంది ఆమే. నెల రోజులు దానికోసం గీకింది, పూసింది, మైనం రుద్దింది. బల్ల ఇప్పుడు చేతికి అందేంత దగ్గర్లో ఖాళీగా ఉంది. ఆమె దానివైపు చూడలేదు. పన్నెండేళ్ళు పైన ఉండి కిందికి చూసిన కళ్ళు కిందికే చూశాయి. పన్నెండేళ్ళుగా లెక్కపెట్టిన లోపలి గొంతు, ఒకటి, రెండు, మూడు అని దానంతటదే మొదలుపెట్టింది. నాలుగు అనేలోపు ఆమె మునిగింది.

ఒంటి ఫిన్నుతో మునగడం కుంటి ఎద్దుతో దున్నడమే. అయినా వెళ్ళింది. పైనుంచి మూడో అల పోతుంటే కింద అంతా ఉరిమింది. చీకట్లో తాడు తగిలింది, తాడు పట్టుకుని కాలు, కాలు పట్టుకుని జుట్టు. కత్తి పైనే ఉండిపోయింది గనక పిక్కకి చుట్టుకుని ముడి దగ్గర బిగిసిన తాడుని పళ్ళతో, వేళ్ళతో లాగి విప్పింది. ఆ ముడి తనే వేసింది. అమ్మ వేసి ఉంటే విప్పగలిగేది కాదు. జుట్టు పిడికిట్లో పట్టి పైకి లాగింది. ఛాతీ మండింది, కళ్ళ ముందు నల్లచుక్కలు లేచాయి. తల నీళ్ళలోంచి బయటికొచ్చిన క్షణంలో ఖాళీగా ఉన్న చెయ్యి ఎక్కడో పడింది. గట్టిగా ఉంది. కదల్లేదు. చాలాసేపటికి గానీ అది బల్ల అని ఆమెకి తట్టలేదు.

అన్న పెదాలు నీలంగా ఉన్నాయి. ముఖం మీద ఊదింది. చెంప మీద కొట్టింది. పలకకపోతే మళ్ళీ కొట్టింది. తర్వాత లెక్కలేనన్నిసార్లు కొట్టింది. గునపానికొకటి, పన్నుకొకటి, తడి గచ్చు మీద చాపకొకటి. "పీల్చరా, వెధవా," అంది. అన్నని రా అనడం అదే మొదలు. వాడు కక్కుకుంటూ ఊపిరి పీల్చాడు. ఇంతలో వాచ్‌మన్, ఫ్యాక్టరీ కూలీలు తాళ్ళు విసిరారు. బల్లని, బల్ల మీద ఇద్దర్నీ, బల్లెం దిగి చచ్చి తాడు చివర వేలాడుతున్న చేపనీ అన్నీ కలిపే ఒడ్డుకి లాగారు.

అన్న చేతికి కట్టు, కాలికి ఇరవైరెండు కుట్లు. ఆమె తొడకి పంతొమ్మిది. ఆసుపత్రినుంచి వచ్చేసరికి అమ్మ వడ్రంగిని పిలిపించి బల్లని గుమ్మానికి బిగించమని కూర్చుంది. తలుపెక్కడైనా సగం ఉంటుందా అన్నాడు వడ్రంగి. ఉన్నంతే పెట్టు నాయనా అంది అమ్మ. జెండా కర్ర, పైపు ముక్కలు పీకి, గొళ్ళెం మళ్ళీ పక్కకి మార్చి, గుమ్మం మధ్యలో కీళ్ళు వేశాడు. పైన మనిషి తల కనిపిస్తుంది, కింద పిల్లి దూరుతుంది. కన్నం అలాగే ఉంది. కావాలంటే ఎవరైనా పైనుంచి ఎక్కి దాటెయ్యొచ్చు. ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

ఆ సాయంత్రం అమ్మ చాప స్నానాలగదిలోంచి తెచ్చి ముందుగదిలో పరుచుకోవడం చెల్లెలు సగం తలుపు మీదుగా చూసింది. వంగని రెండు వేళ్ళతో దుప్పటి సరిచేసుకోవడం కూడా చూసింది. మందులు కొనుక్కుని అప్పుడే అన్నతో కలిసి వచ్చింది ఆమె. తలుపు తోసింది. తెరుచుకోలేదు. మళ్ళీ తొయ్యకుండా ఆగి, కుంటుకుంటూ వెళ్ళి అరుగు మీద కూర్చుంది. సిమెంటు ఎండకి ఇంకా వేడిగా ఉంది. అంత ఇరుగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు.

అన్న వేలితో ముట్టుకున్నాడు. తలుపు తెరుచుకుంది. లోపలికి చూశాడు. తర్వాత దాన్ని మెల్లగా మూసి, వచ్చి అరుగుకి అవతలి చివర కూర్చున్నాడు.

"నీకు తెరిచిందిగా, వెళ్ళు," అంది ఆమె, వాడి వైపు చూడకుండా.

"నువ్వు వచ్చేదాకా ఉంటాలే."

ఎదురింటి టైలరు మిషను ఆపి, ఏంటి, ఇంకా తియ్యలేదా అని అడిగాడు. అమ్మ కిటికీ చువ్వల్లోంచి ఎడమచేత్తో ఒక గ్లాసు అందించింది, లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చి అందించింది. కూర్చోండి, తొందరేం లేదు అంది.

ఆమె నీళ్ళు తాగింది. పక్కన ఏదో చప్పుడు. అన్న విరగని చేతి వేలిముడుకుతో అరుగు మీద ఒకసారి తట్టాడు. తర్వాత పెదాలు కదుపుతూ పదిదాకా లెక్కపెట్టి, మళ్ళీ ఒకసారి తట్టాడు.